కొల్లేరు దారిలో వెల్లుల్లి వాసన

కొల్లేరు చూసొచ్చానని చెప్పగానే మా కాలేజీలో అందరూ పక్షుల గురించే అడిగారు. పక్షులున్నాయి. గూడబాతులు కూడా ఉన్నాయి. మనుషుల జోలికి రాకుండా వాటి పని అవి చూసుకుంటున్నాయి. అయితే ఆ వారంలో నేను ఎక్కువగా చూసింది మా అక్క జుట్టుని, ఎక్కువగా పీల్చింది వెల్లుల్లి వాసనని. అటువైపు వెళ్లనివాళ్ల కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను కర్నూలులో పోషకాహారం పాఠం చెప్పే లెక్చరర్ని. ఏ విటమిను ఎందులో ఉంటుందో ఊరందరికీ చెబుతాను, నా సంచిలో మాత్రం ఎప్పుడూ బిస్కెట్లే ఉంటాయి. మా అక్క సుగుణ పెళ్లయినప్పటి నుంచీ తాడేపల్లిగూడెంలో ఉంటోంది. బావగారు ప్రకాశరావుగారికి కొల్లేరు పక్కన చేపల చెరువులున్నాయి. చలికాలంలో అక్కకి టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది కానీ జుట్టు ఊడడం మొదలైంది. అలాంటి జ్వరాల తర్వాత ఊడుతుంది, మళ్లీ వస్తుంది అని నేను ఫోన్లో ధైర్యం చెబుతూ వచ్చాను. వేసవి మొదట్లో ఒక రోజు ఆమె ఏడుస్తూ ఫోన్ చేసింది.

"గుప్పెళ్లతో ఊడుతోందే. బియ్యం ఏరుతుంటే గోళ్లు విరిగిపోతున్నాయి. నోట్లో ఎప్పుడూ ఇనుప ముక్క పెట్టుకున్నట్టు ఉంటోంది. నీ చదువు నాకు ఒక్కసారైనా పనికొస్తుందా, రాదా?"

ఆ మాటకి రోషం వచ్చి టికెట్ తీసుకున్నాను.

పడుకున్నారాండీ?

విజయవాడలో రైలు మారాక నా ఎదురు సీట్లో ఒక ఉల్లిపాయల వ్యాపారి కూర్చున్నాడు. నేను కళ్లు మూసుకుని అయిదు నిమిషాలు కాలేదు, మెల్లగా పిలిచాడు.

"ఏవండీ, పడుకున్నారాండీ?"

"పడుకున్నాను."

"అలాగైతే పడుకోండి, లేపనులెండి. ఏ ఊరండీ మీది?"

కర్నూలు అనేసరికి ఆయనకి బంధువు దొరికినంత సంబరమైంది. మా కర్నూలు ఉల్లిపాయల లారీలు రాకపోతే గూడెం మార్కెట్టుకి పొద్దుగడవదట. తాడేపల్లిగూడేన్ని అక్కడెవరూ పూర్తిగా పలకరు, గూడెం అంటారు. మా రైతు గిట్టుబాటు కాలేదని రోడ్డు మీద పారబోసిన పాయ గూడెం చేరాక ఎంత పలుకుతుందో ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. అంత మర్యాదగా చెబితే కోపం తెచ్చుకోవడం కూడా కష్టమే. పైగా దిగేముందు నా పెట్టె తనే దింపాడు.

మా వైపు మాట సూటిగా ఉంటుంది. బస్సు కండక్టరు "దిగు" అంటాడు, మనం దిగుతాం. ఇక్కడ ఆటో అతను రోడ్డు మీద అడ్డొచ్చిన మనిషిని "ఏవండీ, కాస్త జరుగుతారేంటండీ" అన్నాడు. ఆ మనిషి పక్కనున్న గేదెని కూడా "మీరు" అంటాడేమోనని చూశాను. అనలేదు.

ఇంటికి చేరగానే అక్క పరుగెత్తుకొచ్చి కౌగిలించుకుంది. తలమీంచి కొంగు జారకుండా ఒక చేత్తో పట్టుకునే ఉంది. ఆమె నోరు తెరిచి "వచ్చావా" అనగానే గుప్పుమని వెల్లుల్లి వాసన కొట్టింది. పొద్దున్నే ఏ వెల్లుల్లి కారమో తిన్నదనుకున్నాను. కోస్తావాళ్లు తిండి విషయంలో వేళాపాళా చూడరని మా వైపు ఒక అభిప్రాయం ఉంది.

బియ్యం డబ్బాలో నా తల

ఆ రాత్రి భోజనంలో రొయ్యల వేపుడు, వంకాయ కూర, చారు, అన్నీ ఉన్నాయి. వెల్లుల్లి ఒక్క దాంట్లోనూ లేదు. అడిగితే అసలు సంగతి తెలిసింది.

ఈస్టరుకి ముందు నలభై రోజులూ మా సంఘంలో ఎవరికి ఇష్టమైనది వాళ్లు మానుకుంటారు. అక్క తన చర్చిలో స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. ఈ ఏడు అందరి చేతా పేరుపేరునా చెప్పించిందట. ఒకావిడ కాఫీ మానింది, ఒకావిడ టీవీ సీరియల్ మానింది. అందరికీ ఆదర్శంగా ఉండాలని అక్క నిలబడి, ఈ నలభై రోజులూ వెల్లుల్లి ముట్టనని ప్రకటించింది. మా అక్క వెల్లుల్లి ముట్టకపోవడమంటే మామూలు త్యాగం కాదు. చిన్నప్పుడు ఆవకాయలోంచి రెబ్బలన్నీ ఏరుకుని తిని, మిగిలిన ముక్కలు మాకు పెట్టిన మనిషి.

"మరి ఈ వాసనేంటక్కా?" అన్నాను.

ఆమె కళ్లలో నీళ్లు నిండాయి. "నువ్వూ అదే అడుగుతున్నావా?" అని లేచి వెళ్లిపోయింది.

పడుకునేముందు కొంగు తీసి దువ్వుకుంటుంటే చూశాను. చెవుల వెనక రెండు వైపులా చర్మం కనిపిస్తోంది. దువ్వెన నిండా జుట్టు. ఆ రాత్రే దేవుడి ముందు ఒక మాట అనుకున్నాను, వెల్లుల్లి దొంగతిండి సంగతి నేను పట్టించుకోనని. తెల్లారేసరికి పట్టించుకున్నాను.

అక్క స్నానానికి వెళ్లగానే వంటిల్లు గాలించాను. పచ్చడి జాడీలు వాసన చూశాను. ఇడ్లీ కుక్కరు తెరిచాను. పప్పుల డబ్బాల్లో చెయ్యి పెట్టి కలియబెట్టాను. చివరికి బియ్యం డబ్బాలో తల దూర్చి వెతుకుతుండగా వెనక నుంచి బావగారి గొంతు వినిపించింది.

"ఏం కావాలండీ మరదలుగారూ?"

"బియ్యం ఎలా ఉన్నాయో చూస్తున్నాను."

"బావుంటాయండీ, అత్తిలి నుంచి తెప్పించినవి," అని, అనుమానపడకుండా రెండు గ్లాసుల రాగిజావ కాచి తెచ్చారు. ఒకటి అక్కకి, ఒకటి నాకు. టైఫాయిడ్ వచ్చినప్పటి నుంచీ పొద్దున్నే జావ కాచడం ఆయన పనేనట. మగవాడు పొయ్యి దగ్గర నిలబడి జావ కాచడం మా ఇళ్లల్లో నేను చూడలేదు. అక్క అదృష్టవంతురాలు అనుకుంటూ గ్లాసు ఖాళీ చేశాను. అడుగున కాస్త సున్నంలా ఏదో తగిలింది. రాగులు సరిగ్గా జల్లించలేదు కాబోలు అనుకుని ఊరుకున్నాను.

రత్నమ్మగారి ప్రార్థన

బుధవారం సాయంత్రం స్త్రీల సమాజం కూడుకుంది. అక్క ముందు వరసలో కూర్చోగానే పక్క కుర్చీలో ఆవిడ చీర సర్దుకుంటున్నట్టుగా లేచి ఇంకో కుర్చీకి మారింది. తర్వాత ఆ పక్కావిడకీ గాలి కావలసి వచ్చింది. చూస్తుండగానే ఫ్యాను కిందున్న మా అక్క చుట్టూ కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. గోదావరివాళ్లు మనల్ని వెలివేసినా మనకి మజ్జిగ ఇచ్చే వెలివేస్తారు.

ప్రార్థన చేయడానికి రత్నమ్మగారు లేచింది. అందరికన్నా పెద్దావిడ, కాఫీ మానినావిడ. కాఫీ లేక ఆవిడకి అప్పటికే లోకం మీద కోపంగా ఉంది.

"ప్రభువా, మాలో ఎవరైనా నాలుకకి లొంగిపోయినవారుంటే వారిని క్షమించండి తండ్రీ. నలుగురిలో మాటిచ్చి ఇంట్లో తలుపేసుకుని తినేవారుంటే, వారి పేరు మేము చెప్పం తండ్రీ, మీకే తెలుసు. మాక్కూడా తెలుసు."

అందరూ "ఆమెన్" అన్నారు. మా అక్క కూడా అంది. ఆ ఒక్క ఆమెన్ విని నాకు ఏడుపొచ్చింది.

బయటికొచ్చాక సంగతి చెప్పారు. ఆదివారం ఆరాధన అయ్యాక కొత్త ప్రెసిడెంటుని ఎన్నుకుంటారట. అక్క ఇంటికెళ్లి మంచం మీద కూర్చుని, "నేను ఒక్క రెబ్బ కూడా ముట్టలేదే. బైబిలు మీద ఒట్టు వెయ్యమంటే వేస్తాను. జుట్టు పోతే పోయింది, కొంగు కప్పుకుని బతుకుతాను. ఈ మాట పడి ఎలా బతకను?" అంది. నేను "నమ్ముతున్నానక్కా" అన్నాను. నిజం చెప్పాలంటే, మంచం కింద పచ్చడి జాడీ ఉందేమోనని కాలితో తడుముతూ అన్నాను.

కొల్లేటి గట్టు మీద

శుక్రవారం బావగారు చెరువుల దగ్గరికి వెళుతూ నన్ను తీసుకెళ్లారు. అక్క రానంది. దెందులూరు దగ్గర టీ తాగడానికి ఆగాం. టీకొట్టు ముందు నలుగురు చెరువుల రైతులు నిలబడి మాట్లాడుకుంటున్నారు. మా వైపు నలుగురు చేరితే వాన గురించి, ఎన్నికల గురించి మాట్లాడతారు. వీళ్లు చేపలకి వాడే మందుల గురించి మాట్లాడతారు. ఎవరి చెరువులో ఏ పొడి వేశారో, ఎన్ని సంచులు వేశారో, వేశాక చేప ఎలా తేరుకుందో అడిగి తెలుసుకుంటారు. ఒకాయన తన చేపల ఆకలి గురించి చెబుతుంటే పసిపిల్లాడి గురించేమో అనుకుని, "అన్నప్రాసన అయిందాండీ?" అని అడిగాను. నేనూ అప్పటికే అండీలు నేర్చేసుకున్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "లేదండీ, శీలావతి చేపలకి చెయ్యమండీ," అన్నాడు.

ఏలూరు దాటి కైకలూరు దారి పట్టాక రెండు వైపులా నీళ్లే. రోడ్డు పక్కన ఒకావిడ మట్టగిడస చేపలు అమ్ముతోంది. బావగారు బేరం కూడా ఆడకుండా కొన్నారు.

"మీకే చెరువులున్నాయిగా, కొనడం ఎందుకు?" అన్నాను.

"మా చేప మేం తినమండీ. అది అమ్మకానికి. తినడానికి కొల్లేటి చేపే ఉండాలండీ. రుచి వేరు."

టన్నులకొద్దీ చేపలు పెంచి లారీలకెక్కించి, ఇంటికి మాత్రం రోడ్డు పక్కన కొనుక్కెళ్లే మనుషుల్ని చూడడం నాకదే మొదటిసారి. ఉదయం గుడ్డు, మధ్యాహ్నం చేప, రాత్రి రొయ్య తినే ఈ నేల మీద పోషకాహార లోపం అంటే ఏంటో నేను ఏ మొహంతో పాఠం చెప్పగలను అనుకున్నాను.

గట్టు ఎక్కేటప్పుడు నా ఎడమ చెప్పు బురదలో కూరుకుపోయింది. పనివాళ్లు తీసి, కడిగి, "ఇదిగోండి" అని రెండు చేతులతో ఇచ్చారు. వల లాగి నాలుగు చేపల్ని పైకి తీసి చూపించారు. నిజంగానే పొలుసులు ఎండలో తళతళలాడుతున్నాయి.

"చూశారాండీ మెరుపు?" బావగారి మొహం వెలిగిపోయింది. "పోయినేడు ఇవే పాలిపోయి ఉండేవండీ. అదిగో, ఆ పొడి వాడాకే తేరుకున్నాయి." షెడ్డులో ఉన్న బస్తాలు చూపించి, గొంతు తగ్గించి అన్నారు. "మీ అక్కకి చెప్పకండేం. ఆవిడకీ అదే వేస్తున్నాను."

నాకు అర్థం కాలేదు. "ఏం వేస్తున్నారు?"

"జావలోనండీ. జ్వరం తగ్గాక మందులషాపులో జుట్టుకని బిళ్లలిచ్చారు. మీ అక్క మింగనంటే మింగనంది. అట్ట మీద చూస్తే సెలీనియం అని రాసుందండీ. ఈ బస్తా మీదా అదే ఉంది. బిళ్లలో ఉన్నదే కదా అని కాఫీ సీసాలో పోసుకెళ్లి చిటికెడు కలిపాను. జుట్టు ఆగలేదు. చేప తేరుకోకపోతే డోసు పెంచుతాం కదండీ, అలాగే పెంచాను. ఇప్పుడు చెంచాడు వేస్తున్నాను."

నేను బస్తా దగ్గరికి పరుగెత్తి దాని మీద రాసింది చదివాను. పశువుల దాణాలో, చేపల మేతలో కొంచెం కొంచెంగా కలిపే గాఢమైన ఖనిజాల పొడి అది. సెలీనియం మనిషికి కావలసిందే. థైరాయిడ్ సరిగ్గా పనిచేయడానికి కావాలి, రోగాన్ని తట్టుకోవడానికి కావాలి. కానీ కావలసింది కంటికి కనపడనంత. అవసరానికీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. ఎక్కువైతే జుట్టు ఊడుతుంది, గోళ్లు పెళుసవుతాయి, నోట్లో లోహపు రుచి తగులుతుంది. ఊపిరికి వెల్లుల్లి వాసన వస్తుంది. ఈ పాఠం నేను ఏటా చెబుతాను. పరీక్షలో రెండు మార్కులకి అడుగుతాను కూడా. మా అక్క ఆ జవాబంతా ఒంటిమీద మోస్తూ ఎదురుగా నిలబడితే నేను పచ్చడి జాడీలు వెతికాను. ఒంట్లో ఏది తక్కువైందో వెతకడమే నాకు అలవాటైపోయింది, ఎక్కువైందేమోనన్న ఆలోచనే రాలేదు.

"బావగారూ, జుట్టు ఊడేది ఆ పొడి వల్లే! వాసనా దానిదే! మీ చెంచా వల్లే అక్క ఇన్ని మాటలు పడింది!"

ఆయన అలాగే గట్టు మీద కూలబడ్డారు. "జుట్టు రావాలనే వేశానండీ," అన్నారు. తర్వాత నావైపు భయంగా చూశారు. "మరి మీ సంగతేంటండీ?"

"నాకేమైంది?"

"మీక్కూడా వేశానండీ. అంతదూరం నుంచి అలసిపోయి వచ్చారు కదాని. ఒక్కరికి వేసి ఒక్కరికి మానేస్తే మర్యాదగా ఉండదని."

నేను అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని ఊదుకుని వాసన చూసుకున్నాను. చేపల వాసన తప్ప ఏమీ తెలియలేదు. ఇంటికి చేరేదాకా అలా ఊదుకుంటూనే ఉన్నాను.

ఏలూరు డాక్టరుగారు

శనివారం అక్కని ఏలూరులో ఒక డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాం. నడివయసావిడ. సంగతంతా విని, "గట్టిగా ఊపిరి వదలండమ్మా," అంది. అక్క వదిలింది. డాక్టరుగారు గోళ్లు చూసింది, కొంగు తీయించి తల చూసింది. ఆ తర్వాత బావగారి వైపు తిరిగి, "మీకు చెరువులెన్నండీ?" అని అడిగింది. ఆయన చెప్పారు. "వాటిని చూసుకోండి చాలు," అంది.

రక్తం తీసి హైదరాబాదు పంపించారు. రిపోర్టు నేను కర్నూలు వచ్చాక వచ్చింది, డాక్టరుగారు అనుకున్నదే తేలింది. ఆ పొడి మాత్రం ఆ రోజే ఆపేయమంది. మెల్లగా ఒంట్లోంచి పోతుందనీ, జుట్టు మళ్లీ వస్తుందనీ, ఓపిక పట్టాలనీ చెప్పింది. నన్ను కూడా ఊపిరి వదలమని, "మీకేం లేదు, మూడు రోజులేగా," అని నవ్వింది.

తిరుగు ప్రయాణంలో అక్క వెనక సీట్లో నా పక్కన కూర్చుంది. బావగారు భీమడోలు దగ్గర కారాపి కొబ్బరిబోండం తెచ్చిచ్చారు. ఆమె తీసుకోలేదు. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని గూడెం దాకా నడిపారు. ఊరు చేరుతుండగా, "రేపు నేనే చెబుతానే," అన్నారు. అక్క కిటికీ వైపు చూస్తూ, "చెప్పకపోతే ఇంట్లోకి రాకండి," అంది.

ఆదివారం

ఆరాధన చివర పాస్టరుగారు, సాక్ష్యం చెప్పేవారుంటే లేవమన్నారు. బావగారు లేచారు. నలుగురిలో ఎప్పుడూ నోరు విప్పని మనిషి.

"అందరికీ వందనాలండీ. మా ఇంటావిడ వెల్లుల్లి తినలేదండీ. మాటిచ్చినప్పటి నుంచీ ఒక్క రెబ్బ ముట్టలేదు. నేనే, చేపలకి వేసే పొడి ఆవిడకి తెలియకుండా జావలో కలిపాను. ఆ వాసన దానిదండీ. జుట్టు వస్తుందనుకున్నాను. మా చేపలు బాగా మెరిశాయండీ, అందుకని. తప్పు నాదండీ. ఆవిడ్ని ఏమీ అనకండి."

కూర్చున్నారు. తర్వాత మగవాళ్ల వైపు నుంచి ఒక గొంతు లేచింది.

"ఏ కంపెనీ పొడండీ అది?"

"చేప అంత మెరిసిందంటే మంచి రకమే అయ్యుంటుందండీ," అన్నాడు ఇంకొకాయన.

"మా పెద్దోడికి బట్టతల వచ్చేస్తోందండీ. ఆయన చెంచాడు వేశారు కాబట్టి ఎక్కువైంది. అరచెంచా వేస్తేనో?"

ఆ చర్చిలో సగం మంది చెరువులవాళ్లే. గుసగుసలు పెరిగాయి. నేను లేచి నా కాలేజీ గొంతు పెట్టి, "సెలీనియం అనేది ఒక సూక్ష్మపోషకం," అని మొదలుపెట్టాను. పాస్టరుగారు తప్ప ఎవరూ వినలేదు, ఆయన కూడా మర్యాద కోసమే విన్నారు. వెనక ఎవరో అప్పటికే బస్తా ధర అడుగుతున్నారు.

అప్పుడు మా అక్క లేచింది. అందరి వైపూ తిరిగి నిలబడి, ఇన్ని రోజులూ నలుగురిలో ఎప్పుడూ తీయని కొంగుని తలమీంచి తీసేసింది. చెవుల వెనకా నడినెత్తినా తెల్లగా కనిపిస్తున్న చర్మం మీద కిటికీ వెలుతురు పడింది. ఆడవాళ్ల వైపు ఎవరో "అయ్యో" అన్నారు. అక్క నెమ్మదిగా ఒక పక్కకీ మరో పక్కకీ తిరిగి, అందరికీ చూపించింది.

"చూడండి. బాగా చూడండి. ఇదే ఆ పొడి. ఇంకెవరికైనా కావాలంటే చెప్పండి, మా ఇంట్లో కాఫీ సీసాలో ఇంకా ఉంది."

ఎవరూ అడగలేదు. బట్టతల కొడుకున్నాయన తల దించుకున్నాడు. అక్క కొంగు మాత్రం వేసుకోలేదు.

రత్నమ్మగారు తన కుర్చీలోంచి లేచింది. మోకాళ్ల నొప్పులతో ఆగి ఆగి నడుస్తూ ముందు వరసకి వచ్చింది. అక్క భుజం మీద పడి ఉన్న కొంగు తీసి, ఆమె తలమీద తన చేత్తోనే కప్పి, చెవుల వెనక్కి సర్దింది. పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చుని, అక్క చెయ్యి పట్టుకుని లాగింది.

"కూర్చోండి ప్రెసిడెంటుగారూ," అంది.